540 నాట్స్ అంటే ఎంత స్పీడు?

ప్రశ్న: మా అమ్మాయి డాలస్ నుంచి దుబాయ్ మీదుగా హైదరాబాద్ వస్తోంది. విమానాలు ఎక్కడున్నాయో చూపించే ఫ్లైట్‌రాడార్24 యాప్‌లో విమానం స్పీడు 540 కేటీఎస్ అని చూపించింది. అదే టైమ్‌లో అమ్మాయి సీటు ముందున్న స్క్రీన్ ఫొటో వాట్సాప్‌లో పంపితే, అందులో 1000 అని ఉంది. ఆ బోయింగ్ 777 మాక్ 0.84తో వెళ్తుందని నెట్‌లో చదివి, విండోస్ క్యాలిక్యులేటర్‌లో కిలోమీటర్లలోకి మార్చాను. 1029 వచ్చింది. మూడింటిలో ఏది నమ్మాలి? - ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: మొదటి రెండూ ఒకటేనండి. కేటీఎస్ అంటే నాట్స్, గంటకు ఎన్ని నాటికల్ మైళ్లు అన్న లెక్క. నాటికల్ మైలుకు 1852 మీటర్లు. కాబట్టి నాట్స్‌ని 1.852తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. 540కి సరిగ్గా 1000. నోటిలెక్క కావాలంటే, నాట్స్‌ని రెట్టింపు చేసి, ప్రతి వంద నాట్స్‌కి 15 చొప్పున తీసేయండి. 1080లోంచి 81 పోతే 999. ఇంతకంటే కచ్చితత్వం మనకెందుకు? ఈ లెక్కలు కూడా వద్దనుకుంటే యాప్ సెట్టింగ్స్‌లో స్పీడు యూనిట్‌ని కిలోమీటర్లకు మార్చేసుకోండి.

చిక్కంతా మాక్‌తోనే. అది కిలోమీటరు, మైలు లాంటి స్థిరమైన కొలత కాదు. విమానం వేగం, దాని చుట్టూ ఉన్న గాలిలో ధ్వని వేగంలో ఎన్నో వంతు అన్నదే మాక్ అంకె. గాలి చల్లబడే కొద్దీ ధ్వని వేగం తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల్లో అది గంటకు 1225 కిలోమీటర్లు. 36,000 అడుగుల ఎత్తున, మైనస్ 56 డిగ్రీల చలిలో 1062 మాత్రమే. మీ క్యాలిక్యులేటర్‌కి విమానం ఎంత ఎత్తులో ఉందో తెలియదు కదా, సముద్రమట్టం లెక్కే వేసేసింది. 1062ని 0.84తో గుణించండి, సుమారు 892 వస్తుంది. మాక్‌ని ఏ కన్వర్టర్‌లో వేసినా ఈ తేడా గుర్తుంచుకోండి.

మరి 892 ఎక్కడ, 1000 ఎక్కడ? ఆ తేడా గాలిది. మాక్ అనేది గాలితో పోల్చిన వేగం. యాప్‌లోనూ, సీటు స్క్రీన్ మీదా కనిపించేది నేలతో పోల్చిన వేగం. అట్లాంటిక్ మీద పడమర నుంచి తూర్పుకు జెట్ స్ట్రీమ్, అంటే బాగా ఎత్తున సాగే గాలి ప్రవాహం, బలంగా వీస్తుంది. వెనక నుంచి గంటకు వంద కిలోమీటర్ల గాలి తోస్తే ఆ వంద కలిసొస్తుంది. ఒక్కోసారి 1100 దాటినా విమానం ధ్వని వేగాన్ని మించిపోయిందని టెన్షన్ పడక్కర్లేదు. అమ్మాయి తిరుగు ప్రయాణంలో చూడండి, అదే మాక్‌కి 800 కనిపించినా ఆశ్చర్యం లేదు.

ప్రశ్న: మిరప తోటకు మందు కొట్టే డ్రోన్ యాప్‌లో స్పీడు 5 ఎం/ఎస్ అని ఉంది. బైక్ స్పీడుతో పోలిస్తే ఎంత? - ఒక రైతు, గుంటూరు జిల్లా

జవాబు: అది సెకనుకు మీటర్లు. 3.6తో గుణించండి, గంటకు 18 కిలోమీటర్లు. అంటే బైక్ సెకండ్ గేర్‌లో నెమ్మదిగా వెళ్తున్నంత.