రాళ్ల చేత కన్నీరు పెట్టించకు

చిరంజీవికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే డిడిమోటిఖో మసీదు రాళ్ల చేత మూడుసార్లు కన్నీరు పెట్టించావు. నాకు కోపం వచ్చింది అక్కడే. భాష బాగుంది, అంతవరకు సంతోషం.

గ్రీసులో, తుర్కియే సరిహద్దు దగ్గరున్న ఆ కట్టడాన్ని జనం బాయెజిద్ మసీదు అంటారు. నువ్వూ ఒట్టోమన్ సుల్తాను బాయెజిదే కట్టించాడని రాసి ముందుకు సాగిపోయావు. కానీ అది పూర్తయింది 1420లో, ఆయన కొడుకు మొదటి మెహ్మద్ కాలంలో. 1402లో అంకారా దగ్గర తైమూరు చేతిలో ఓడి బాయెజిద్ బందీ అయ్యాడు. సింహాసనం కోసం కొడుకులు పదకొండేళ్లు కొట్టుకున్నారు. 1413లో మెహ్మద్ గెలిచాడు. ఒక మసీదుకు తండ్రి పేరు, కొడుకు కాలం ఎందుకు వచ్చాయో ఈ నాలుగు వాక్యాల్లో ఉంది. నీ కన్నీళ్లలో లేదు.

ఇక కప్పు! నాలుగు బలమైన స్తంభాలున్న విశాలమైన హాలు మీద పిరమిడ్‌లా లేచిన ఓక్ చెక్క కప్పు, దానిపైన సీసపు రేకులు. గుమ్మటం కట్టాలనుకుని చివరకు చెక్కకు మళ్లారని చరిత్రకారులు భావిస్తారు. దాదాపు 600 ఏళ్లు నిలిచిన ఆ కప్పు, మరమ్మతులు జరుగుతున్న రోజుల్లోనే, 2017 మార్చి 22న కాలిపోయింది. రాతి గోడలు మిగిలాయి. పోయింది చెక్క అయితే నువ్వు రాళ్ల దగ్గర కూర్చున్నావు!

నా మొదటి వ్యాసం మా ఊరి పాత చావడి గురించి. ముసలి వడ్రంగి పక్కన రోజుల తరబడి కూర్చుని ఏది దూలమో, ఏది వాసమో, నిట్టాడు ఎక్కడ నిలబెడతారో నేర్చుకుని రాశాను. సంపాదకుడు అవన్నీ కొట్టేసి 'కాలం మౌనంగా రోదించింది' అని చేర్చాడు. నా పేరుతో అచ్చయిన ఆ వాక్యం నాకు ఈ రోజుకీ మంటగానే ఉంది. ఆ తర్వాత రెండేళ్లు నేను ఏ పత్రికకూ ఏమీ పంపలేదు. 'పాఠకుడికి కొలతలెందుకు, అనుభూతి కావాలి' అనే సంపాదకులు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల కోసం రాయకు.

పుస్తకంగా వేయడం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు మూడో పేజీ చూడు. అక్కడ 'ప్రాచీనమైన పైకప్పు' అని రెండే మాటలు రాసి వదిలేశావు. ఆ మాటల కింద గీత గీశాను. వ్యాసం అక్కడి నుంచి మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో