ఆ రెండు ఫోటోలూ ఒకటి కావు

చిరంజీవికి,

పాతకాలపు జంట ఫోటోల స్టీరియో కార్డుల్లోని న్యూయార్క్ మీద నీ వ్యాసం అందింది. వాక్యం సాఫీగా నడుస్తోంది, సంతోషం. కానీ రెండో పేజీలో "ఒకే ఫోటోకి రెండు ప్రతులు తీసి పక్కపక్కన అతికిస్తే వీధి సజీవంగా లేచి నిలిచేది" అని రాశావు. ఒళ్లు మండింది. ఒకే ఫోటో రెండుసార్లు అతికిస్తే, ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ చూపే స్టీరియోస్కోప్‌లో కనిపించేది చదునైన బొమ్మే. లోతు రెండు బొమ్మల మధ్య తేడాలోంచి పుడుతుంది. ఫోటోగ్రఫీ ఇంకా లోకానికి తెలియని 1838లోనే బ్రిటిష్ శాస్త్రవేత్త వీట్‌స్టన్ గీతల బొమ్మలతో ఈ సంగతి తేల్చేశాడు.

ఆ తేడా ఎంతో లెక్క కట్టి చూడు. కెమెరా రెండు లెన్సుల మధ్య మన కళ్ల మధ్య ఉన్నంత దూరం, సుమారు 2.5 అంగుళాలు. ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు నుంచి బొమ్మ పడే చోటికి దూరం, 5 అంగుళాలు అనుకో. 10 అడుగుల దూరంలోని దీపస్తంభం రెండు బొమ్మల్లో దాదాపు అంగుళంలో పదో వంతు జరుగుతుంది. 1000 అడుగుల అవతలి చర్చి శిఖరం అంగుళంలో వెయ్యో వంతే. అంటే లోతంతా దగ్గరి వస్తువు చలవే! కమ్మీయో, బండి చక్రమో ముందు లేకపోతే ఎంత గొప్ప నగరమైనా గోడకు అతికించిన తెరే. శిఖరం కోసమని కెమెరాను అడుగుల కొద్దీ పక్కకు జరిపి తీస్తే లోతు వస్తుంది గానీ, మేడలు బొమ్మరిళ్లలా కనిపిస్తాయి.

అంకెలుంటే పాఠకుడు పారిపోతాడనే సంపాదకులున్నారు. వాళ్లు "అద్భుతం" అన్న మాటను మాత్రం ఎన్నిసార్లయినా ఉంచుతారు.

ఒక్క కెమెరానే జరుపుతూ రెండుసార్లు తీసిన రోజుల్లో ఆ మధ్యలో బండి కదిలిపోయేది. ఒక కంటికి ఉన్నది రెండో కంటికి లేక ఆ చోట మిణుకుమిణుకుమనేది. ఇంగ్లండులో పరికరాలు తయారుచేసే డాన్సర్ 1856లో పేటెంటు తీసుకున్న జంట లెన్సుల కెమెరా రెండు బొమ్మలనూ ఒకేసారి పట్టింది. బొమ్మ చిన్నది, లెన్సు ఫోకల్ లెంగ్త్ తక్కువ, కాబట్టి వెలుగు పట్టే సమయమూ తగ్గింది. 1859లో న్యూయార్క్ ఫోటోగ్రాఫర్ ఆంథొనీ అక్కడి పెద్ద వీధి బ్రాడ్‌వేని మేడమీది నుంచి తీస్తే నడిచే జనం అలికిపోకుండా నిలిచింది అందుకే. దూరం పెరిగితే కదలిక మసకా తగ్గుతుంది.

నువ్వు అసలు ముట్టుకోనిది ఇంకొకటుంది. జంట నెగెటివ్ నుంచి అచ్చు తీసి, తలకిందులుగా పడ్డ బొమ్మలను నిటారుగా తిప్పితే ఎడమ బొమ్మ కుడివైపుకి పోతుంది. కత్తిరించి చోట్లు మార్చి అతికించాలి. మరిచిపోతే దగ్గరిది వెనక్కీ, దూరానిది ముందుకీ వచ్చి కన్ను తికమకపడుతుంది.

ఏ పత్రికకు పంపాలన్నది తర్వాత చూద్దాం. "సజీవంగా" కొట్టేశాను. నువ్వు చూసిన కార్డులో అన్నిటికన్నా దగ్గరున్న వస్తువేదో మొదటి పేరాలోనే చెప్పి, తిరగరాసి పంపు.