ఫోను బిల్లు ఆటోపేకు ఏది సురక్షితం? ముందు ఏ ఖాతాకు ముడివేస్తున్నారో చూడండి

మీ ప్రశ్న ఇది: "ఊళ్లో ఉన్న అమ్మ పోస్ట్‌పెయిడ్ బిల్లు కట్టడం ప్రతి నెలా మరచిపోతున్నాను. ఆటోపే పెడదామనుకుంటున్నాను. డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, యూపీఐ, వీటిలో ఏది సురక్షితం?"

నా జవాబు యూపీఐ ఆటోపే. అదీ మీ అమ్మగారు డబ్బు దాచుకునే ఖాతా నుంచి కాదు, బిల్లుల కోసమే వేరుగా తెరిచిన చిన్న ఖాతా నుంచి. డెబిట్ కార్డు మాత్రం వద్దే వద్దు. ఇంత గట్టిగా ఎందుకు అంటున్నానో తెలియాలంటే మా నాన్నగారి పాస్‌బుక్కు సంగతి చెప్పాలి.

నాన్నగారు తణుకు దగ్గర ఒక చక్కెర మిల్లులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. పీఎఫ్ పెన్షను మూడు వేల లోపే వస్తుంది. ఆ పెన్షను, పై వాటా అద్దె ఒకే ఖాతాలో పడతాయి. ప్రతి నెలా రెండో తారీఖున బ్యాంకుకు నడిచి వెళ్లి పాస్‌బుక్కు ప్రింటు వేయించుకుంటారు. ఇంటికొచ్చి కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్క వరసా చదువుతారు. తనకు తెలిసిన పద్దు పక్కన పెన్సిలుతో చిన్న టిక్కు పెడతారు. ముప్పై ఏళ్లు లెక్కలు రాసిన చేయి అది.

2022లో ఆయన ఫోను బిల్లుకు ఆటోపే పెట్టింది నేనే. 399 రూపాయల ప్లాను, 18 శాతం జీఎస్టీ కలిపితే 471. ఆ మాత్రానికి నెలనెలా దుకాణానికి వెళ్లి నిలబడటం ఎందుకని హైదరాబాదులో కూర్చుని ఆయన డెబిట్ కార్డు వివరాలు ఎక్కించాను. ఓటీపీ ఆయన ఫోనులో చదివి చెప్పారు. గరిష్ఠ మొత్తం అన్న గడిలో 15,000 అని ముందే నింపి ఉంది. నేను దాన్ని చూశాను, మార్చలేదు. 471 రూపాయల బిల్లు పదిహేను వేలు ఎందుకవుతుంది అనుకున్నాను.

2024 జనవరిలో అమ్మానాన్నలు దుబాయిలో ఉన్న మా చెల్లెలి దగ్గరకు వెళ్లారు. విమానం దిగాక మేము ఫోను చేస్తే అందాలని రోమింగ్ తెరిపించి ఉంచాం. సంక్రాంతి ముందు రోజులు. బంధువుల గ్రూపుల్లో ముగ్గుల వీడియోలు, గొబ్బెమ్మల ఫోటోలు ఒకదాని వెనుక ఒకటి దిగిపోతూనే ఉన్నాయి. విమానాశ్రయం నుంచి ఇంటికి చేరి, మరిది గారు అక్కడి సిమ్ము వేసేసరికి నాలుగు గంటలు పట్టింది. మన సిమ్ము తీసి చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసి సూట్‌కేసులో పెట్టారు. బిల్లు 11,236 రూపాయలు వచ్చింది. ఫిబ్రవరి 6న ఖాతాలోంచి వెళ్లిపోయింది.

ఆ ఖాతాలో ఉన్నది సుమారు 24 వేలు. అందులో 22,800 వాళ్లిద్దరి ఆరోగ్య బీమా ప్రీమియం కోసం పెట్టినవి. పదో తారీఖున ప్రీమియం కోసం బీమా సంస్థ నుంచి డెబిట్ వచ్చింది, డబ్బు చాల్లేదు, తిరిగిపోయింది. దానికి బ్యాంకు 590 రూపాయలు కోసుకుంది.

తిరిగొచ్చిన మర్నాడు నాన్నగారు పాస్‌బుక్కు ప్రింటు వేయించుకున్నారు. నాకు ఫోను చేయలేదు. వారం తరువాత నేను ఇంటికి వెళ్తే, అమ్మ వంటింట్లో ఉన్నప్పుడు పాస్‌బుక్కు తెచ్చి నా ముందు పెట్టారు. 11,236 పక్కన టిక్కు లేదు. పెన్సిలుతో చిన్న ప్రశ్నార్థకం ఉంది. చెరిపి మళ్లీ పెట్టినట్టు అక్కడ కాగితం నలుపెక్కింది.

"ఇది నువ్వు తీసుకున్నావా అమ్మా? అవసరం పడితే తీసుకోవచ్చు. ప్రీమియం సంగతి చూసుకోమని ఒక్క మాట చెప్పి ఉండాల్సింది" అన్నారు.

ఆ కార్డు వివరాలు తెలిసింది నాకొక్కదానికే. అందుకని వారం రోజులు ఆయన అలా అనుకుని, ఎవరికీ చెప్పకుండా మనసులో పెట్టుకున్నారు. ఏడాదికొకసారి కట్టే ప్రీమియానికి ముప్పై రోజుల గడువు ఉంటుంది కాబట్టి మిగిలిన రోజుల్లో నేను కట్టేశాను. పాలసీ పోలేదు. కానీ ఆ ప్రశ్నార్థకం నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంటుంది.

ఇప్పుడు మీరు అడిగిన "సురక్షితం" అన్న మాటకు వద్దాం. అందరూ దొంగల గురించే ఆలోచిస్తారు. దొంగల విషయంలో మన నిబంధనలు అంత బలహీనంగా ఏమీ లేవు. 2017 జులైలో రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, తప్పు మనదీ బ్యాంకుదీ కాకుండా మూడో చోట జరిగి డబ్బు పోతే, మూడు పనిదినాల్లోపు బ్యాంకుకు చెబితే మన మీద భారం పడదు. కార్డు నంబర్లను దుకాణాల దగ్గర దాచకూడదన్న నిబంధన కూడా 2022 అక్టోబరు నుంచి అమల్లో ఉంది. కానీ మా నాన్నగారి డబ్బు దొంగ తీసుకోలేదు. నేను ఇచ్చిన అనుమతితోనే పోయింది. దానికి ఆ సర్క్యులర్ అక్కరకు రాదు. ఆటోపేలో అసలు ప్రమాదం ఇదేనని నా గట్టి నమ్మకం.

ఇక్కడ ఒక నిబంధన తెలుసుకోవాలి. ఆటోపేలో 15,000 రూపాయల వరకు ప్రతిసారీ ఓటీపీ అక్కర్లేదు. మొదట ఈ పరిమితి 2,000 ఉండేది, తరువాత 5,000 అయింది, 2022 జూన్‌లో 15,000 చేశారు. దానికి బదులుగా, డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందు మనకు సందేశం రావాలి. ఎవరు తీస్తున్నారు, ఎంత, ఏ రోజున అన్నవి అందులో ఉండాలి. వద్దనుకుంటే అప్పుడే ఆపుకోవచ్చు. చక్కటి నిబంధన. మా విషయంలో ఆ సందేశం వచ్చే ఉంటుంది, సూట్‌కేసులో ఉన్న సిమ్ముకు.

వచ్చినా ఆయన ఏం చేసేవారు? ఆ సందేశం ఇంగ్లీషులో, అదీ సగం సగం అక్షరాలతో కుదించి ఉంటుంది. తెలుగులో పద్దులు రాసి, తెలుగు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివే మనిషికి, తన డబ్బు రేపు పోతోందన్న మాట తన భాషలో చెప్పడానికి బ్యాంకులకు ఏమిటి కష్టం? ఏటీఎం తెరమీద తెలుగు ఉంది. ప్రకటనలన్నీ తెలుగులోనే వేస్తారు. డబ్బు తీసుకునే సందేశం దగ్గరికి వచ్చేసరికి తెలుగు ఎందుకు ఉండదు? నాకు దీని మీద చాలా కోపం ఉంది.

ఇంకో కోపం కూడా చెప్పాలి. ఫోను కంపెనీకి ఫిర్యాదు చేస్తే, ఆటోపే ఆపాలంటే బ్యాంకును అడగమన్నారు. బ్యాంకు వాళ్లు కంపెనీని అడగమన్నారు. చివరికి బ్యాంకు వెబ్‌సైటులో ఒక మూల ఆ పేజీ నేనే వెతికి పట్టుకుని రద్దు చేశాను. బిల్లు మీద కంపెనీ అప్పీలు అధికారి దాకా వెళ్లాను. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి రాస్తే విడి ఫిర్యాదులు తీసుకోరు, కంపెనీలోనే ఉండే ఈ అప్పీలు దారే మనకున్నది. అయిదు వేలు తగ్గించారు. ఎలా? రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేస్తామన్నారు. ఖాతాలోంచి నగదుగా వెళ్లింది, తిరిగి రావలసి వచ్చేసరికి ఫోను మాటలుగా వచ్చింది. బీమా ప్రీమియం ఫోను మాటలతో కట్టలేం కదా.

క్రెడిట్ కార్డు గురించి అడిగారు. మీ సొంత కార్డు మీద అమ్మగారి బిల్లు పెట్టి, నెలనెలా మొత్తం కట్టేసే అలవాటు మీకుంటే అది మంచి దారే. తేడా వస్తే పోట్లాడటానికి మీ డబ్బు ఇంకా మీ దగ్గరే ఉంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, కార్డు గడువు తీరి కొత్తది వచ్చినప్పుడు ఆటోపే తెగిపోవచ్చు. మీరు గమనించరు. అమ్మగారి ఫోనులోంచి కాల్స్ వెళ్లడం ఆగిపోయిన రోజున తెలుస్తుంది. ఇక కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చే నాచ్ పద్ధతి ఫోను బిల్లుకు అక్కర్లేదు, అది ఈఎంఐలకు, బీమాలకు సరిపోతుంది.

ఇప్పుడు మేము చేస్తున్నది ఇది. వేరే బ్యాంకులో నాన్నగారి పేరుతో కనీస నిల్వ అక్కర్లేని ఖాతా తెరిచాం. అందులో ఎప్పుడూ రెండు వేలకు మించి ఉంచం. యూపీఐ ఆటోపే 2020 జులైలో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ సంస్థ తెచ్చింది. పెట్టేటప్పుడు ఒకసారి పిన్ను కొట్టాలి. ఆపాలన్నా, రద్దు చేయాలన్నా యాప్‌లో మ్యాండేట్ల (మనం ఇచ్చిన ఆటోపే అనుమతుల) జాబితా తెరిస్తే అక్కడే ఉంటుంది, ఎవరినీ బతిమాలనక్కర్లేదు. గరిష్ఠ మొత్తం 700 పెట్టాను. బిల్లు అంతకు మించితే డబ్బు కదలదు, అప్పుడు బిల్లు తెరిచి చూస్తాం. కొన్నిచోట్ల ఆ అంకె మార్చనివ్వరు. అలాంటప్పుడు ఖాతాలో ఉన్న రెండు వేలే హద్దు. భీమ్ యాప్‌ను తెలుగులోకి మార్చి ఇచ్చాను. ఆయన స్వయంగా చదువుకుంటున్నారు.

అన్నిటికంటే ముందు బ్యాంకుకు వెళ్లి, మీ అమ్మగారి ఖాతాకు ఏ నంబరు నమోదై ఉందో చూడండి. పాత సిమ్ము నంబరే ఉండిపోయిన ఇళ్లు నాకు తెలిసి మా వీధిలోనే మూడు ఉన్నాయి. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది" అని ఎవరైనా బెదిరిస్తే ఫోను పెట్టేయమని ఆమెకు ముందే చెప్పి ఉంచండి. ట్రాయ్ అలాంటి కాల్స్ చేయదు. బిల్లు వేళకు కట్టి ఉందని తెలిసిన మనిషి ఆ బెదిరింపుకు లొంగడం కష్టం. అప్పటికే డబ్బు పోయి ఉంటే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి.

మొన్న వెళ్లినప్పుడు నాన్నగారు కొత్త ఖాతా పాస్‌బుక్కు చూపించారు. 471 దగ్గర టిక్కు ఉంది. ఇంటర్నెట్ బిల్లు కూడా ఇందులోకే మార్చమన్నారు, దానికి హద్దు 900 పెట్టమని ఆయనే చెప్పారు.