‘కోసం’ అన్న మాట దగ్గర ఆగు

ప్రియమైన తమ్ముడికి,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. జబ్బు చేసే బ్యాక్టీరియా మన రోగనిరోధక వ్యవస్థకు చిక్కకుండా ఎలా బతుకుతుందో చెప్పాలనుకున్నావు. సమాచారం సరిగ్గానే ఉంది. కానీ ‘తెలివిగా’ అన్న మాట ఏడుసార్లు వాడావు, ‘మోసం’ నాలుగుసార్లు. నా పేచీ వాటితోనే.

న్యుమోనియా తెచ్చే న్యూమోకాకస్ గురించి ఇలా రాశావు: ‘తెల్లరక్తకణాల నుంచి తప్పించుకోవడం కోసం ఇది తన చుట్టూ చక్కెర పొర కప్పుకుంటుంది.’ ఆ ‘కోసం’ దగ్గర ఆగు. ఒక్క మాటతో ఆ కణానికి మనసూ ప్లానూ వచ్చేశాయి. జరిగేది అది కాదు. మందపు పొర ఉన్నవీ పుడతాయి, పలచని పొర ఉన్నవీ పుడతాయి. గొంతులో కణాలకు అతుక్కోవడానికి మందపు పొర అడ్డం కాబట్టి అక్కడ పలచనివి నిలుస్తాయి. రక్తంలోకి చేరాక ఆ పలచనివాటిని భక్షక కణాలు (క్రిములను మింగే తెల్లరక్తకణాలు) మింగేస్తాయి, మందపు పొర ఉన్నవి మిగిలి పెరుగుతాయి. ఎవరూ ఏదీ ఆలోచించలేదు. నాకు ఇందులోనే ఎక్కువ ఆశ్చర్యం కనిపిస్తుంది.

ఆ పొర అసలు ఎలా కాపాడుతుందన్నది మాత్రం ఒక్క వాక్యంలో దాటేశావు. పాఠకుణ్ణి కూర్చోబెట్టాల్సిన చోటు అదే. మామూలుగా భక్షక కణం బ్యాక్టీరియాను నేరుగా గట్టిగా పట్టుకోలేదు. ముందు రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీన్లు (ఇవీ రోగనిరోధక వ్యవస్థలో భాగమే) గానీ, యాంటీబాడీలు గానీ వెళ్లి దానికి అంటుకోవాలి. భక్షక కణం వాటిని పట్టుకుని బ్యాక్టీరియాను లోపలికి లాక్కుంటుంది. పొర మందంగా ఉంటే అంటుకున్న ప్రోటీన్లు అడుగున ఉండిపోతాయి, భక్షక కణానికి అందవు. పొరకే అంటుకునే యాంటీబాడీలు ఉంటే ఈ రక్షణ పోతుంది. న్యూమోకాకల్ టీకాలు చేసేది అదే. ఈ పొరల్లో నూరుకు పైగా రకాలు ఉండటంతో అన్నిటికీ సరిపోయే టీకా చేయడం కష్టమైంది.

1928లో ఫ్రెడరిక్ గ్రిఫిత్ చేసిన ప్రయోగం నువ్వూ చెప్పావు. పొర ఉన్న రకం ఎక్కించిన చిట్టెలుకలు చచ్చిపోయాయి, పొర లేని రకం ఎక్కించినవి బతికాయి. దానికి తోడుగా ఇంకొకటి చేర్చు. మట్టిలో దొరికిన ఒక బ్యాక్టీరియా నుంచి రెనే డ్యూబో, ఆస్వాల్డ్ ఏవరీ అనే శాస్త్రవేత్తలు ఒక ఎంజైమ్ తీశారు. అది న్యూమోకాకస్‌లో ఒక రకం పొరను మాత్రం కరిగిస్తుంది, బ్యాక్టీరియాను చంపదు. 1931 నాటికే వాళ్లు చూపించారు: ఆ రకం న్యూమోకాకస్ ఎక్కించినా, ఆ ఎంజైమ్ ఇస్తే చిట్టెలుకలు బతుకుతున్నాయి. పొర ఊడిన వాటి పని భక్షక కణాలే పూర్తి చేశాయి. పొర విలువ చెప్పడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం నాకు తెలియదు.

వరస కూడా మార్చు. శరీరం ఏం చేస్తుందో ముందు చెప్పు, అది ఎక్కడ దెబ్బతింటుందో తర్వాత చెప్పు. చీముపుండ్లు తెచ్చే స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా దగ్గర నువ్వు నేరుగా దాని పైనుండే ‘ప్రోటీన్ ఎ’తో మొదలుపెట్టావు, నాకే అర్థం కాలేదు. యాంటీబాడీ చేతులు బ్యాక్టీరియాను పట్టుకుంటాయనీ, దాని తోకను భక్షక కణం పట్టుకుంటుందనీ ముందే చెప్పి ఉంటే, ప్రోటీన్ ఎ ఆ తోకనే పట్టేస్తుందన్న మాట పాఠకుడికి వెంటనే అందేది. యాంటీబాడీ తలకిందులుగా అంటుకుంటుంది, భక్షక కణానికి పట్టు దొరకదు. గనేరియా బ్యాక్టీరియా తన పైనున్న సన్నని పోగుల రూపం మార్చుకుంటూ పోతుందన్న పేరా బాగుంది. ఒకసారి తగ్గినవాళ్లకు మళ్లీ ఎందుకు వస్తుందో దానితో తెలుస్తుంది.

నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. తొలిరోజుల్లో క్షయ గురించి రాస్తూ ఆ క్రిమిని ‘మహా జిత్తులమారి’ అన్నాను. క్షయకు మందులు వాడుతున్న ఒకాయన ఉత్తరం రాశారు: ‘అది అంత తెలివైనదైతే నా మాత్రలు దాన్నేం చేస్తాయి?’ ఆయనను భయపెట్టింది జబ్బు కాదు, నా వాక్యం. ఇన్నేళ్లయినా ఆ బాధ పోలేదు.

నేను రాయాల్సింది ఇది. మాక్రోఫేజ్ అనే భక్షక కణం క్షయ బ్యాక్టీరియాను మింగి తన లోపల ఒక సంచిలో పెట్టుకుంటుంది. ఆ సంచి లైసోజోమ్‌తో (కణంలోనే ఉండే అరిగించే సంచితో) కలిస్తే ఆమ్లమూ ఎంజైములూ లోపలున్నదాన్ని అరిగిస్తాయి. క్షయ బ్యాక్టీరియా ఆ కలయికను అడ్డుకుని, తనను చంపాల్సిన కణంలోనే బతుకుతుంది. ఒకటి రెండు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది, కొన్ని ఏ ఎదుగుదలా లేకుండా పడి ఉంటాయి. అందుకే మందులు నెలల తరబడి వాడాలి, దగ్గు తగ్గిందని మధ్యలో ఆపకూడదు. పూర్తిగా వాడితే క్షయ నయమవుతుంది. ఇంకో సంగతి, క్షయ క్రిమి సోకినవాళ్లలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. మిగతావాళ్లలో శరీరం దాన్ని అదుపులో పెట్టేస్తుంది. నీ వ్యాసంలో ఈ వైపు అసలు లేదు. శరీరం ఓడిన చోట్లే చెప్పావు.

మొత్తం తిరగరాయొద్దు. ప్రోటీన్ ఎ పేరా, పొర పేరా ఈ రెండే మార్చి పంపు. ‘కోసం’ తీసేశాక వాక్యం నిలబడకపోతే, అక్కడ ఏం జరుగుతుందో ఇంకోసారి చదివి రాయి. నీ చిత్తుప్రతి అంచుల్లో పెన్సిల్‌తో గుర్తులు పెట్టి దీనితోపాటే పంపుతున్నాను.

ఆశీస్సులతో,
అన్నయ్య