ఏ 'మెట్రోపోలిస్' కొనాలి?

ప్రశ్న: మూకీ సినిమాల డిస్కులు పోగు చేస్తున్నాను. 'మెట్రోపోలిస్' ఒక్కోచోట ఒక్కో నిడివిలో దొరుకుతోంది. ఏది కొనాలండీ?

జవాబు: ఇంకేం ఆలోచించకుండా 2010 పునరుద్ధరణ కొనేయండి, సుమారు 148 నిమిషాలుంటుంది. 1927లో బెర్లిన్‌లో విడుదలయ్యాక ఈ సినిమాని బాగా కత్తిరించేశారు, ఆ ముక్కలు ఇక దొరకవనే అనుకున్నారు, అలాంటిది 2008లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లోని సినిమా మ్యూజియంలో 16 ఎంఎం (సన్న ఫిల్ము) కాపీ ఒకటి బయటపడి, దాదాపు 25 నిమిషాలు తిరిగొచ్చాయి! ఆ షాట్లు ఇట్టే తెలిసిపోతాయి, తెరమీద వాన పడుతున్నట్టు నిలువు గీతలు, ఫ్రేము కూడా కాస్త చిన్నది. డిస్కు పాడైందని వెనక్కి పంపకండి. గోట్‌ఫ్రీడ్ హుప్పెర్ట్స్ అప్పట్లో కట్టిన సంగీతమే ఉందా అని అట్ట వెనక చూసుకోండి, అది లేకపోతే నా దృష్టిలో సినిమా సగమే. విదేశీ బ్లూరే అయితే రీజియన్ కోడ్ (డిస్కు ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) మీ ప్లేయర్‌కి సరిపోతుందో లేదో ముందే కనుక్కోండి.