ప్రజలు గట్టిగా వెంట నిలవకపోయినా ఉద్యోగ సంఘాలు ప్రభుత్వాన్ని కదిలించగలవా?

కదిలించగలవు, కానీ చాలా ఆలస్యంగా. తెలంగాణ ఆర్టీసీనే చూడండి. 2011లో ప్రత్యేక తెలంగాణ కోసం జరిగిన సకల జనుల సమ్మెలో బస్సులు ఆగితే జనం దాన్ని తమ పోరాటంగానే భావించారు. 2019 అక్టోబరు 5న అదే కార్మికులు, దాదాపు 48 వేల మంది, సంస్థను ప్రభుత్వంలో విలీనం చేయాలని సమ్మెకు దిగినప్పుడు పరిస్థితి వేరు. దసరాకు ఊరెళ్లేవాళ్లు తాత్కాలిక డ్రైవర్లు నడిపే బస్సుల కోసం పడిగాపులు కాశారు. సానుభూతి ఉంది, విసుగూ ఉంది. సమ్మె నడుస్తుండగానే హుజూర్‌నగర్ ఉప ఎన్నికలో అధికార తెరాస 43 వేలకు పైగా మెజారిటీతో గెలిచింది. ఆ తర్వాత ప్రభుత్వం మెట్టు దిగాల్సిన అవసరమే కనిపించలేదు. యాభై రోజులు దాటాక, డిమాండ్ నెరవేరకుండానే సంఘాలు సమ్మె విరమించాయి. ఈలోగా కొందరు కార్మికులు ప్రాణాలు తీసుకున్నారు. తలచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

అయినా 2023 ఆగస్టులో, శాసనసభ ఎన్నికలకు కొన్ని నెలల ముందు, అదే ప్రభుత్వం ఉద్యోగుల విలీన బిల్లు తెచ్చి సభలో ఆమోదింపజేసుకుంది. నా దృష్టిలో కారణం ఒక్కటే: డిపో ఉన్న ప్రతి పట్టణంలోనూ ఆ కుటుంబాల ఓట్లున్నాయి. సమ్మె రోజుల్లో ప్రయాణికుడి ఇబ్బంది ముందుకు వస్తుంది, ఎన్నికల వేళ ఓట్ల లెక్క ముందుకు వస్తుంది.