రెండో రౌండ్‌లో డొక్క పట్టేస్తోంది సార్!

ప్రశ్న: కానిస్టేబుల్ సెలక్షన్ల కోసం హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రోజూ పొద్దున ఉరుకుతున్నాను. 2022 నోటిఫికేషన్‌లో ఆడవాళ్లకు 800 మీటర్లకు 5 నిమిషాల 20 సెకన్లు ఇచ్చారు. ఆ లెక్కనే ప్రాక్టీస్. రెండో రౌండ్‌కు వచ్చేసరికి కుడి డొక్కలో పొడిచినట్టు పోటు. ఆగితే కాసేపటికి పోతుంది. లివర్ చెడిపోయిందేమోనని అమ్మకు టెన్షన్. బలానికని బయలుదేరే ముందు రెండు అరటిపండ్లు తిని, పెద్ద గ్లాసుడు గ్లూకోజ్ నీళ్లు తాగుతున్నాను.
– ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: బిడ్డా, లివర్ మాట తర్వాత, ముందు ఆ గ్లూకోజ్ గ్లాసు సంగతి చూద్దాం. ఉత్త నీళ్లకన్నా తీపి చిక్కగా కలిపిన నీళ్లే ఈ పోటును ఎక్కువగా తెస్తాయి.

అసలు కారణం ఇదీ అని డాక్టర్లే ఇంకా ఒక్కమాట మీదికి రాలేదు. ఊపిరి ఆడించే కండరం డయాఫ్రంకు రక్తం చాలక అని ఒకప్పుడు మా పీఈటీలం చెప్పేవాళ్లం. మరి గుర్రం మీద కూర్చున్నవాళ్లకూ ఇదే పోటు వస్తుంది, వాళ్లు నీలాగా రొప్పరు కదా! ఇప్పుడు అనుమానం కడుపు గోడకు లోపల అంటుకుని ఉండే పల్చటి పొర మీదికి పోయింది. నిండు పొట్ట అడుగడుగునా కుదుపుతుంటే ఆ పొర ఒరుసుకుంటుందని. దాని నరాలు నొప్పిని గురిచూసి చెబుతాయి, అందుకే ఒక్క వేలు పెట్టి ‘ఇక్కడ’ అని చూపించగలుగుతావు. కొందరికి భుజం కొసన కూడా లాగుతుంది.

నాదీ ఇదే కథ. తొమ్మిదో తరగతిలో, సంక్రాంతి సెలవులు అయిన మర్నాడు జేబునిండా ఉన్న సకినాలు నమిలేసి, చెంబెడు నీళ్లు తాగి 1500 మీటర్లకు దిగాను. మూడో రౌండ్‌లో డొక్క పట్టుకుని సున్నం గీత మీదే కూలబడ్డాను. మా సారు ‘లే’ అన్నాడే గానీ, ఏం తిన్నావని అడగలేదు.

తిండి పరుగుకు రెండు మూడు గంటల ముందే అయిపోవాలి. తెల్లారి పరుగుకు అది కుదరదు కాబట్టి రెండు గుక్కల నీళ్లు తాగి వెళ్లు. ఐదు నిమిషాల పరుగుకు రాత్రి తిన్న అన్నం చాలు. అయినా పోటు వస్తే వేగం తగ్గించు. నొప్పి ఉన్నచోట వేళ్లతో గట్టిగా నొక్కి, కాస్త ముందుకు వంగి, ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టు పెదాలు ముడిచి ఊపిరి పొడుగ్గా వదులు.

ఆగితే పోయే పోటుకు లివర్‌ను అనుమానించక్కర్లేదని అమ్మకు చెప్పు. కూర్చున్నా తగ్గకపోయినా, జ్వరమో వాంతులో తోడైనా, ఛాతీలో పట్టేసినా మాత్రం నాకు ఉత్తరం రాస్తూ కూర్చోకు, డాక్టర్ దగ్గరికి వెళ్లు.

అరటిపండ్లా? పరుగయ్యాక తిను.